మాయాబజార్ – కల్పనకు మూలాలు

అద్భుతకథలోని లోకం పైకి పూర్తిగా కొత్తదిగా కనిపిస్తుంది. తలచుకోగానే నగరాలు వెలుస్తాయి. మంచాలు తమపై కూర్చున్నవారిని కిందికి తోసివేస్తాయి. భీకరుడైన రాక్షసుడు క్షణంలో పెండ్లికూతురుగా మారిపోతాడు. ఇవన్నీ ఎవరో ఒక రచయిత ఊహలోనుంచి ఊడిపడ్డాయని చూసేవారు భావిస్తారు. కాని వేరు లేని చెట్టు నిలవనట్లే మూలం లేని కల్పన ప్రజల మనస్సులో నిలవదు. ఈ సత్యానికి తెలుగువారి ఎదుట ఉన్న చక్కని ఉదాహరణ ‘మాయాబజార్’.

విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’ చలనచిత్రం 1957 మార్చి 27న విడుదలయింది. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు. కె.వి. రెడ్డి దర్శకుడు. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు రచించారు. అదే సంవత్సరం తమిళంలోనూ వెలువడిన ఈ చిత్రం 2010లో రంగులు అద్దుకొని మళ్లీ ప్రేక్షకుల ముందుకు వచ్చింది. తరాలు మారినా దీని ఆదరణ తగ్గలేదు. ఈ కథను చూసినవారిలో చాలామంది ఇది మహాభారతంలోని ఘట్టమే అనుకొంటారు. నిజానికి ఇందులోని శశిరేఖాపరిణయం వ్యాసభారతంలో లేదు. కవిత్రయం తెనిగించిన భారతంలోనూ లేదు. విరాటపర్వంలో అభిమన్యుడు పెండ్లాడినది విరాటరాజు కుమార్తె ఉత్తరను. బలరామునికి శశిరేఖ అనే కూతురున్నదని వ్యాసుడు ఎక్కడా చెప్పలేదు. మరి భారతంలో లేని ఈ పెండ్లి భారతకథంత సహజంగా ఎట్లా అనిపిస్తున్నది? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే ఒక కల్పనాలోకం ఎట్లా పుట్టి పెరుగుతుందో తెలుస్తుంది.

ముందుగా కథను స్మరించుకోవాలి. బలరాముని కూతురు శశిరేఖను సుభద్ర కుమారుడైన అభిమన్యునికి ఇవ్వాలని పెద్దలు చిన్ననాడే అనుకొంటారు. ఇంతలో పాండవులు జూదంలో ఓడి, సర్వస్వం కోల్పోయి అడవుల పాలవుతారు. సుభద్ర కొడుకుతో పుట్టింటికి చేరుతుంది. బలరాముని భార్య రేవతి మనస్సు మారుతుంది. శకుని పన్నిన ఉపాయంతో దుర్యోధనుని కుమారుడు లక్ష్మణకుమారునితో శశిరేఖకు సంబంధం కుదురుతుంది. అవమానం సహించలేని సుభద్ర కొడుకును వెంటబెట్టుకొని అడవిదారి పడుతుంది. అక్కడ అభిమన్యుడు, భీముని కుమారుడైన ఘటోత్కచుడు ఒకరినొకరు ఎరుగక తలపడి, తరువాత అన్నదమ్ములమని తెలుసుకొంటారు. కృష్ణుని ప్రేరణతో ఘటోత్కచుడు నిద్రించే శశిరేఖను మంచంతోసహా తన ఆశ్రమానికి చేర్చి, తానే మాయాశశిరేఖయై ద్వారకలో నిలుస్తాడు. పెండ్లివారి విడిదికోసం అతని అనుచరులు మాయానగరాన్ని సృష్టిస్తారు. అక్కడ కౌరవులు నవ్వులపాలు కాగా, ఆశ్రమంలో అసలు పెండ్లి జరిగిపోతుంది.

ఈ కథకు మొదటి వేరు మహాభారతంలోని ఒక మౌనంలో ఉన్నది. పాండవుల అరణ్యవాసం పన్నెండేండ్లు, అజ్ఞాతవాసం ఒక ఏడు. ఆ కాలంలో అడవిలో ఏమి జరిగిందో, విరాటుని కొలువులో ఏమి జరిగిందో భారతం సవిస్తరంగా చెప్పింది. కృష్ణుడు సుభద్రాభిమన్యులను ద్వారకకు తీసుకొనిపోయాడని కూడా చెప్పింది. కాని మేనమామల ఇంట ఆ తల్లీకొడుకులు ఎట్లా ఉన్నారు? ఆస్తిపోయిన ఆడపడుచును పుట్టిల్లు ఎట్లా ఆదరించింది? పెరుగుతున్న అభిమన్యుని మనస్సులో ఏమి మెదిలింది? ఈ ప్రశ్నలను మహాకవి వివరంగా స్పృశించలేదు. కథ చెప్పుకొనే ప్రజలు మాత్రం వాటిని వదలలేదు. మూలకథను మార్చకుండా, అది మౌనం వహించినచోట తమ కథను అల్లారు. అందువల్లనే ఈ కల్పన భారతంలో అతికినట్లు కాక, అందులోనుంచే మొలచినట్లు కనిపిస్తుంది.

ఆ అల్లికకు కావలసిన పోగులు కూడా పురాణాలలోనే దొరికాయి. బలరాముడు దుర్యోధనునికి గదావిద్య నేర్పిన గురువు. శిష్యునిపై అతనికి అభిమానం ఎక్కువ. భాగవత దశమస్కంధం ప్రకారం బలరాముడు తన చెల్లెలు సుభద్రను దుర్యోధనునికే ఇవ్వదలచాడు. కృష్ణుని సహకారంతో అర్జునుడు ఆమెను తీసుకొనిపోయాడు. బలరాముడు మొదట ఆగ్రహించి, పిదప శాంతించాడు. శశిరేఖ కథ ఈ సుభద్ర కథకు మరుతరంలో వినిపించిన ప్రతిధ్వని. తండ్రికి సుభద్ర విషయంలో ఎదురైనదే కుమారునికి శశిరేఖ విషయంలో ఎదురవుతుంది. అన్నగారి మాట ఒకవైపు, తమ్ముని తంత్రం మరొకవైపు ఉంటాయి. పాతకథ తెలిసిన శ్రోతకు కొత్తకథ చిరపరిచితంగా తోచడానికి ఇదే కారణం.

మాయానగరానికి మూలం సభాపర్వంలో ఉన్నది. ఖాండవదహనంలో అర్జునుని దయవల్ల ప్రాణాలతో బయటపడిన మయుడు కృతజ్ఞతతో ధర్మరాజుకు అద్భుతమైన సభను నిర్మించి ఇస్తాడు. అందులో నేలను చూసి నీరనుకొని, నీటిని చూసి నేలనుకొని దుర్యోధనుడు భంగపడతాడు. ఆ పరాభవమే అతని మత్సరానికి ఆజ్యం పోసి జూదానికి, వనవాసానికి దారితీసింది. ‘మాయాబజార్’లో కౌరవులు మరొకసారి మాయాభవనంలో అడుగుపెట్టి మరొకసారి నవ్వులపాలవుతారు. అయితే రెండింటికీ భేదం ఉన్నది. మయసభలోని నవ్వు యుద్ధానికి బీజమయింది. మాయాబజారులోని నవ్వు ఒక పెండ్లిని నిలబెట్టింది. జానపదకల్పన ఇతిహాసాన్ని అనుకరిస్తూనే దాని దిశను మార్చగలదనడానికి ఇది నిదర్శనం.

రెండవ వేరు తెలుగువారి కుటుంబ జీవితంలోకి దిగింది. సుభద్ర బలరాముని చెల్లెలు. ఆమె కొడుకుకు అన్న కూతురు వరుసైన పిల్ల. దీనిని తెలుగువారు మేనరికం అంటారు. దక్షిణభారతంలో తరతరాలుగా పాటించిన ఆచారం ఇది. అర్జునసుభద్రల వివాహంకూడా మేనరికమే; కుంతి వసుదేవుని సోదరి. చిన్ననాడు ఇచ్చిపుచ్చుకోవాలనుకొన్న సంబంధం, కలిమి పోగానే తప్పిన మాట, పుట్టింటి గడపలో ఆడపడుచుకు ఎదురైన చులకన – ఇవి ద్వారకలో కన్నా తెలుగుపల్లెలలో ఎక్కువగా కనిపించే సంగతులు. రేవతి రాక్షసి కాదు. కూతురు కలవారింట పడాలని కోరుకొన్న సాధారణమైన తల్లి. ఈ కథలో మాయలన్నీ తొలగించి చూసినా మిగిలేది ఒక్క ప్రశ్న. సంపద పోయినవారితో బంధుత్వం కూడా పోవాలా? ప్రేక్షకుల గుండెను తాకినది ఈ ప్రశ్నే. మాయలు దానికి తొడిగిన అలంకారాలు.

చిత్రంలోని వస్తువుల వెనుక కూడా లోకాచారాలు, పాతకథలు పొంచి ఉన్నాయి. ‘ప్రియదర్శిని’ అనే పేటిక తెరిచి చూస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. రేవతికి నగలు కనిపిస్తాయి. దూరాన ఉన్నదానిని అంజనం వేసి చూడవచ్చునన్న పల్లెప్రజల నమ్మకానికి ఇది దగ్గరగా ఉన్నది. ‘సత్యపీఠం’పై నిలిచినవారు అబద్ధం చెప్పలేరు, శకుని దానిపై నిలిచి తన కుట్రను తానే బయటపెడతాడు. గుడిమెట్టుపై ప్రమాణం చేసినవాడు అబద్ధమాడరాదన్న కట్టుబాటు తెలుగువారికి కొత్త కాదు. విక్రమార్కుని సింహాసనం పాతిపెట్టిన దిబ్బపైకి ఎక్కినవాని బుద్ధి మారిపోయే కథ కూడా ఇటువంటిదే. కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’ ద్వారా ఆ కథలు తెలుగువారికి సుపరిచితాలయ్యాయి. ఇట్లా ప్రతి అద్భుతమూ ఎక్కడో ఒకచోట విన్నదానికి చుట్టమే.

భాషలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. తెలుగువారు మాట్లాడుకొనేటప్పుడు ‘పుస్తకం గిస్తకం’, ‘అన్నం గిన్నం’ అని జంటగా పలుకుతారు. జంటలోని రెండవ పదానికి వేరే అర్థం లేదు; అది మొదటి పదానికి ప్రతిధ్వని. ఈ చిత్రంలో కంబళికి తోడుగా ‘గింబళి’, తల్పానికి తోడుగా ‘గిల్పం’ వచ్చాయి. అయితే ఇక్కడ ఆ రెండవ పదాలు ఉత్త ప్రతిధ్వనులు కావు. గింబళి తనంత తాను చుట్టుకొనే కంబళి. గిల్పం పడుకొన్నవానిని పడదోసే మంచం. నిత్యవ్యవహారంలో అర్థం లేని పదానికి పింగళివారు ఒక వస్తువును కల్పించి ఇచ్చారు. ‘అస్మదీయులు’ అంటే మనవారు, ఇది సంస్కృతపదమే. దానికి జోడుగా పరులను ‘తస్మదీయులు’ అనడం వ్యాకరణానికి ఒప్పదు. ‘తదీయులు’ అనడమే ఒప్పు. కాని రాక్షసుల కొలువులో ఆ తప్పే ముచ్చటగా ఉన్నది. ఈ మాట నేటికీ పత్రికలలోను, ప్రసంగాలలోను వినిపిస్తున్నది. ఉన్న భాషానియమాన్ని పట్టుకొని ఒక అడుగు ముందుకు వేయడమే ఇక్కడి నేర్పు.

ఈ కథను 1957 వరకు మోసుకొనివచ్చినది గ్రంథాల కన్నా ప్రదర్శనకళలే. హరికథకులు, తోలుబొమ్మలాటవారు, నాటకసమాజాలవారు శశిరేఖాపరిణయాన్ని ఊరూరా వినిపించారు. వారిలో సురభి నాటకసమాజం పేర్కొనదగినది. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో ‘కీచకవధ’ ప్రదర్శనతో ఆరంభమైన ఈ సమాజం కుటుంబమంతా కలిసి నటించే సంప్రదాయాన్ని నెలకొల్పింది. స్త్రీపాత్రలను పురుషులే ధరించే కాలంలో సురభివారి ఆడపడుచులు రంగస్థలంపై నిలిచారు. తెరలు, తాళ్లు, దీపాలు, కప్పీల సాయంతో గాలిలో ఎగిరే పాత్రలను, క్షణంలో మారిపోయే దృశ్యాలను చూపడంలో వారు దిట్టలు. ‘మాయాబజార్’ నాటకం వారికి ఎనలేని కీర్తి తెచ్చింది.

ఇతర ప్రాంతాలలోనూ ఈ కథ ఉన్నది. మరాఠీవారు బలరాముని కూతురును వత్సల అంటారు. బాబూరావు పెయింటర్ 1921లోనే ‘సురేఖా హరణ్’ అనే మూకీచిత్రం తీశారు. 1936లో తెలుగులో ఒక చిత్రం వచ్చింది. అంటే విజయావారి దర్శకుడు, రచయిత, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే శూన్యంలోనుంచి లోకాన్ని సృష్టించలేదు. నాటకరంగంలో తాళ్లతో, తెరలతో సాధించిన అద్భుతాన్ని వారు కెమెరాతో సాధించారు. పాతకథను శ్రద్ధగా వడపోసి, పాండవులను ఒక్కసారైనా తెరమీద చూపకుండానే వారి కష్టాన్ని కథకంతటికీ కేంద్రంగా నిలిపారు.

ఇంతవరకు చెప్పిన మూలాలన్నింటిలోను ప్రధానమైనది ఘటోత్కచుని పాత్ర. లక్కయింటినుంచి తప్పించుకొన్న పాండవులు అడవిలో ఉండగా భీముడు హిడింబుని వధించి, అతని చెల్లెలు హిడింబను పెండ్లాడాడని ఆదిపర్వం చెబుతుంది. వారి కుమారుడు ఘటోత్కచుడు. పాండవుల సంతానంలో అందరికన్నా పెద్దవాడు అతడే. అయినా అతడు రాజధానిలో పెరగలేదు. అడవిలో తల్లివద్ద పెరిగాడు. అవసరమైనప్పుడు తలచుకొంటే వస్తానని మాట ఇచ్చాడు. ఆ మాట తప్పలేదు. గంధమాదన పర్వతమార్గంలో ద్రౌపది సొమ్మసిల్లినప్పుడు భీముడు తలచుకోగానే వచ్చి ఆమెను ఎత్తుకొని నడిచాడు. అతని అనుచరులు తక్కినవారిని మోశారు.

కురుక్షేత్రంలోనూ అతడు పిలిస్తే వచ్చాడు. పదునాలుగవనాటి రాత్రి కౌరవసేనను చీకాకు పరిచాడు. అర్జునునికోసం దాచుకొన్న ఇంద్రదత్తమైన శక్తిని కర్ణుడు గత్యంతరం లేక అతనిపై ప్రయోగించాడు. మరణించేటప్పుడు కూడా ఘటోత్కచుడు తన దేహాన్ని పెంచి శత్రుసైన్యంపై కూలాడు. పాండవులు విలపించారు. ద్రౌపదిని మోసిన నాటి సంగతి తలచుకొని ధర్మరాజు దుఃఖించాడు. కృష్ణుడు మాత్రం హర్షించాడు. అర్జునునికి మృత్యుభయం తొలగిందన్నది అతని ఆనందానికి కారణం. అంతేకాదు, యజ్ఞద్వేషి అయిన ఘటోత్కచుని కర్ణుడు చంపకపోతే తానే చంపవలసివచ్చేదని కూడా కృష్ణుడు అన్నట్లు వ్యాసభారతం చెబుతుంది.

ఈ ఘట్టం చదివిన సహృదయుని మనస్సు కలుక్కుమనక మానదు. పిలిచినప్పుడల్లా వచ్చి, తనకంటూ ఏమీ అడగని బిడ్డ ప్రాణానికి దక్కిన విలువ ఇదేనా అనిపిస్తుంది. మహాభారతం ఈ ప్రశ్నను దాచలేదు, జవాబూ చెప్పలేదు. జానపదులు తమదైన రీతిలో జవాబు చెప్పారు. వారు యుద్ధాన్ని మార్చలేదు. ఘటోత్కచుని మరణాన్ని తప్పించలేదు. ఆ మరణానికి ముందున్న కాలంలో అతనికి ఒక వేడుకను కల్పించారు. అడవిబిడ్డను కుటుంబంలో పెద్దకొడుకుగా నిలబెట్టి, తమ్ముని పెండ్లి అతని చేతులమీదుగా జరిపించారు. నగరవాసులైన బంధువులు మాట తప్పినచోట అడవిలోని రాక్షసి కొడుకు మాట నిలిపాడు. భారతంలో అతని మరణానికి హర్షించిన కృష్ణుడే ఇక్కడ అతని అల్లరికి మురిసే పెద్దదిక్కు అయ్యాడు. ఎస్.వి. రంగారావు ఆ పాత్రలో చూపిన ఠీవి, వినోదం కలిసి తెలుగుపిల్లలకు రాక్షసుడంటే భయం పోగొట్టి మమకారం కలిగించాయి.

ఘటోత్కచునిపై ఈ మమకారం తెలుగునేలకో, భారతదేశానికో పరిమితం కాలేదు. భారతకథ సముద్రం దాటి జావా ద్వీపానికి చేరినప్పుడు అక్కడి ప్రజలు కూడా అతనిని అక్కున చేర్చుకొన్నారు. 12వ శతాబ్దంలో కెడిరి రాజ్యానికి చెందిన కవి ఎంపు పనులుహ్ ప్రాచీన జావాభాషలో ‘ఘటోత్కచాశ్రయ’ అనే కావ్యం రచించాడు. అందులో పెండ్లికూతురు క్షితిసుందరి. ఆమె కృష్ణుని కుమార్తె. ఆమెను దుర్యోధనుని కుమారునికి ఇవ్వాలన్న నిర్ణయం అక్కడా ఉన్నది; అభిమన్యుడు ఘటోత్కచుని ఆశ్రయించి ఆమెను పొందడం అక్కడా ఉన్నది. జావా తోలుబొమ్మలాటలో ఘటోత్కచుడు ఆకాశంలో ఎగిరే మహావీరుడు. 1995 ఆగస్టు 10న తొలిసారి గగనతలానికి ఎగిరిన ఇండొనేషియా స్వదేశీ విమానానికి ఆ దేశంవారు పెట్టుకొన్న పేరు ‘గటోట్కచ’. భాషలు వేరైనా, కాలాలు వేరైనా రెండు దేశాల ప్రజలు ఆ అడవిబిడ్డకు పెండ్లిపెద్ద గౌరవాన్నే ఇచ్చారు.

ఈ మూలాలు తెలిసిన తరువాత ‘మాయాబజార్’లోని హాస్యం కూడా మరొకవిధంగా అర్థమవుతుంది. పెండ్లిపీటలపై వెర్రిచేష్టలు చేసి నవ్వించే లక్ష్మణకుమారుడు భారతయుద్ధం పదమూడవనాడు అభిమన్యుని చేతిలో మరణిస్తాడు. అదేనాడు పద్మవ్యూహంలో పదహారేండ్ల అభిమన్యుడూ నేలకొరుగుతాడు. మరునాటి రాత్రి ఘటోత్కచుని వంతు. ఆ పెండ్లిపందిటిలో నవ్వుతున్న ముగ్గురు యువకులలో ఒక్కడూ యుద్ధం ముగిసేవరకు బ్రతకడు. కథ చెప్పినవారికి ఈ సంగతి తెలుసు, విన్నవారికీ తెలుసు. అయినా ఎవరూ దానిని నోరు తెరిచి చెప్పరు. రానున్న దుఃఖం తెలిసినవారు దానికి ముందు ఒక్కరోజు పండుగ చేసుకొన్నట్లు ఈ కథ సాగుతుంది. అందులోని వినోదం తేలికైనది కాకపోవడానికి ఇదే హేతువు.

కల్పన అంటే సంప్రదాయాన్ని కాదని పారిపోవడం కాదు; దానిని పదేపదే చెప్పుకోవడం మాత్రమే కూడా కాదు. పెద్దలు చెప్పిన కథను శ్రద్ధగా విని, అందులో ఎవరికి అన్యాయం జరిగిందో, ఎక్కడ మాట మిగిలిపోయిందో గుర్తించి, ఆ లోటును తన ఊహతో పూరించడమే నిజమైన కల్పన. వ్యాసుడు చెప్పక విడిచినచోట జానపదుడు పందిరి వేశాడు. సురభివారు ఆ పందిరికి దీపాలు కట్టారు. చలనచిత్రం దానిని లోకానికంతటికీ చూపింది. ఆ పందిరిలో పెద్దపీట వేసినది మాత్రం రాజకుమారులకు కాదు. ఎన్నడూ ఏమీ అడగని హిడింబ కొడుకుకు.